మూడు మానికల ఫిత్రా

ఠంయ్‌మని వింటినరం మోగినప్పుడల్లా గడ్డకట్టిన పాతదూది విడిపోయి గుప్పెడేసి పైకి లేస్తోంది. లేచినదాంట్లో సగం కుప్పమీద పడితే, మిగతా సగం జిలానీ గడ్డం మీదా, కనుబొమల మీదా, ముక్కులోనూ పడుతోంది. ఎడమచేత్తో ఆరడుగుల విల్లు, కుడిచేత్తో కర్రగుండు. పొద్దుట ఏడింటికి మొదలుపెట్టాడు, ఇప్పుడు పదకొండయింది. మూతికి కట్టుకున్న గుడ్డ చెమటకి తడిసి పెదాలకి అతుక్కుపోయింది. ఇంకొకడైతే ఆ గుడ్డ విప్పి అవతల పారేసి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి కాసేపు కూలబడేవాడు. జిలానీ ఉమ్ము కూడా మింగడం లేదు. దూదిపోగు కలిసిన ఉమ్ము గొంతులోకి దిగితే ఉపవాసం చెడి రోజా పోతుందని ఆయన భయం. పోతుందో లేదో ఏ మౌల్వీనీ అడగలేదు. దూదేకేవాడి నోట్లో ఏం పడుతుందో మౌల్వీలకేం తెలుసు? అందుకని లేచి వెళ్ళి గోడవతల ఉమ్మి వస్తున్నాడు, పొద్దుటినించీ ఓ యాభైసార్లు. ఆ రోజు ఇరవై తొమ్మిదో రోజా.

కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. రంజాను సరిగ్గా ఎండల్లో పడింది. బందరుకి సముద్రం పక్కనే అన్న పేరే గాని, మధ్యాహ్నం దాటితే గాని గాలి ఊళ్ళోకి రాదు. అప్పటిదాకా ఒళ్ళంతా జిడ్డు, నాలిక పిడచ.

ఇంగ్లీషుపాలెంలో ఆ ఇల్లు రాహేలమ్మ టీచరుది. కూతురు పురిటికి వస్తోందని రెండు పరుపులూ నాలుగు దిండ్లూ విప్పించి, దూది ఏకించి, మళ్ళీ కుట్టిస్తోంది. ఆవిడ వసారాలో నించుని జిలానీ డొక్కల వంక చూసింది. అరవై ఏళ్ళ మనిషి. విల్లు ఎత్తినప్పుడల్లా ఎముకలు లెక్కపెట్టచ్చు.

“సాయిబు గారూ, కాసేపు ఈ నీడకి రండి. పరుపులెక్కడికీ పోవు, మా అమ్మాయీ ఇవాళే కనదు.”

“పొద్దు వాలేలోగా అవ్వాలమ్మా. సాయంత్రం నాకు పనుంది.”

“పోనీ గుక్కెడు నీళ్ళన్నా తాగండి. దేవుడేమన్నా అంటే నా పేరు చెప్పండి.”

“ఇరవై ఎనిమిది ఆగి, ఒక్కదానికాడ చెడగొట్టుకుంటానా అమ్మగారూ?”

“మీకో దణ్ణం బాబూ. లెంటు రోజుల్లో నేను కాఫీ మానేస్తేనే మా ఇంట్లో ఒక్కళ్ళూ నా జోలికి రారు,” అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

బేరం బియ్యానికి కుదిరింది. డబ్బులిస్తానంటే జిలానీయే వద్దన్నాడు. “మూడు మానికల బియ్యం ఇప్పించండి. మంచివి. పురుగుపట్టినవి వద్దు,” అన్నాడు. ఈ మనిషికి బియ్యం మీద ఇంత పట్టింపేమిటా అని టీచరమ్మ అడిగితే చెప్పాడు. ఫిత్రా ఇవ్వాలి. పండగ నమాజుకి ముందే, తలకి మానికన్నర చొప్పున, లేనివాళ్ళకి. తనదొకటి, పెళ్ళానిదొకటి.

పెళ్ళాం మైమూనా పోయిన పుష్యమాసంలోనే చచ్చిపోయింది. ఆ సంగతి మాత్రం టీచరమ్మకి చెప్పలేదు.

అసలు ఈ గొడవంతా రెండో శుక్రవారం మొదలైంది. జిలానీ దూదేకులవాడు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ తెలుగే. నమాజు నోటికి వచ్చు. ఉర్దూ సగం అర్థమవుతుంది, మిగతా సగం పక్కవాడి మొహం చూసి తెలుసుకుంటాడు. ఆ శుక్రవారం మసీదులో నమాజు చదివించే హజ్రత్ గారు ఉర్దూలో చెప్పిన మాట మాత్రం ఎవరి మొహం చూడకుండానే అర్థమైంది. ఫిత్రా ఇవ్వనిదే మనిషి ఉన్న రోజాలు అల్లా దగ్గరికి చేరవట. భూమికీ ఆకాశానికీ మధ్యన వేలాడుతూ ఉంటాయట.

జిలానీ అందరికంటే ముందు లేచాడు. బయటికి వచ్చాక మసీదు వ్యవహారాలు చూసే కరీముల్లా గారిని పట్టుకున్నాడు.

“మావి కూడా వేలాడతాయాండీ?”

“నీకెందుకయ్యా ఆ బాధ? అది ఉన్నవాళ్ళకి. నువ్వు తీసుకునేవాడివి,” అన్నాడు కరీముల్లా.

మంచిమాటే. ధర్మం తెలిసిన మాట కూడాను. ఇంకొకడైతే హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళి పడుకునేవాడు. జిలానీకి ఆ మాట ముల్లై కూర్చుంది. తీసుకునేవాడు! ముప్ఫై ఏళ్ళుగా మసీదువాళ్ళ పేదల పట్టీలో ఆయన పేరుంది. ఉండక తప్పలేదు. ఆషాఢంలో వానలు పట్టాయంటే మళ్ళీ కార్తీకం దాకా బందరులో ఎవరూ పరుపులు ఏకించరు. చెమ్మపట్టిన దూది నరానికి అంటుకుంటుంది గాని విడదు. ఆ నాలుగైదు నెలలూ మసీదువాళ్ళు పట్టీ ప్రకారం ఇచ్చే బియ్యమే జిలానీ ఇంట్లో అన్నం. దాన్ని తప్పుపట్టే కృతఘ్నుడు కాడాయన. కానీ మైమూనా? ముప్ఫై రంజాన్లు ఒక్క రోజా వదలకుండా ఉంది. పోయిన ఏడు జ్వరంతో ఒళ్ళు పేలిపోతుంటే కూడా, వద్దే పిచ్చిదానా, జబ్బుమనిషికి మాఫీ ఉందే అని మొత్తుకున్నా వినకుండా ఉంది. ఆ రోజాలన్నీ తీగమీద తడిగుడ్డల్లా అక్కడ వేలాడుతున్నాయా? దించేవాడు లేకనా? ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. ముప్ఫై ఏళ్ళవీ దించే తాహతు ఎలాగూ లేదు. ఆఖరి రంజానువన్నా, ఆ జ్వరంలో ఉన్నవన్నా, చేరాలి.

మూడింటికల్లా పరుపులు కుట్టడం అయిపోయింది. రాహేలమ్మ మూడు మానికలూ అంచుమీదుగా పొర్లిపోయేట్టు కొలిచి, పైన ఇంకో దోసెడు పోసింది. తెల్లగా మల్లెమొగ్గల్లాంటి అక్కుళ్ళ సన్నబియ్యం. ఆ దోసెడు జిలానీ తిరిగి ఇచ్చేయబోతే కళ్ళెర్రజేసింది.

“దగ్గుతున్నారు సాయిబు గారూ. పండగెళ్ళాక మా మిషనాసుపత్రికి రండి, డాక్టరమ్మగారికి నేను చెప్తాను.”

“ఇది జబ్బు కాదమ్మా, దూది. మా నాయనకీ ఇంతే,” అన్నాడు. వాళ్ళ నాయన దేనితో పోయాడో కూడా చెప్పచ్చు. చెప్పలేదు.

బియ్యం మూట భుజాన వేసుకుని ఇనగుదురుపేట దాకా నడిచేసరికి మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఎడమ రొమ్ము కింద ఏదో పిండుతున్నట్టుంది. ఉపవాసం నీరసంలే అనుకున్నాడు.

ఫిత్రా ముందు పొరుగువాళ్ళకి ఇస్తే మంచిదని ఎవరో అనగా విన్నాడు. పొరుగు అంటే నాగూర్ బీ. ఇద్దరిళ్ళకీ మధ్య ఒకే మట్టిగోడ. మొగుడు పోయి పన్నెండేళ్ళు. గిలకలదిండి వెళ్ళి ఎండుచేపలు తెచ్చుకుని గంపలో పెట్టుకుని వీధులెంట అమ్ముకుంటుంది. మైమూనా చివరి రోజుల్లో ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది ఆమే.

జిలానీ గుమ్మం దగ్గర నిలబడి మూట కిందపెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళలో తీసుకునేటప్పుడు ఏమనాలో నేర్చుకున్నాడు గాని, ఇచ్చేటప్పుడు ఏమంటారో ఆయనకెవరు నేర్పారు?

“ఏంటన్నా ఇది?” అంది నాగూర్ బీ.

“ఫిత్రా. నాదీ, మీ వదినదీ. నీకే తెచ్చా.”

ఆమె మొహం మాడిపోయింది.

“నాకా? నువ్వా?” అంది. “షావుకార్లు ఇస్తే తీసుకున్నానంటే ఒక అందం ఉంది. ఆళ్ళకి అల్లా ఇచ్చాడు, ఆళ్ళు మనకి పెడతన్నారు. నీ చేతిలోంచి తీసుకుంటే పేటలో ఏమంటారు? ఆఖరికి జిలానీ ముందు కూడా కొంగు పట్టింది నాగూర్ బీ అనరూ? అంత దిగజారిపోయానా అన్నా నేను?”

“అది కాదు చెల్లెమ్మా…”

“పట్టీలో నీ పేరు కిందే నా పేరు. మర్చిపోయావా? ఎల్లు. ఎళ్ళి ఆ బియ్యం నువ్వే వండుకు తిను. డొక్కలు చూసుకో ఓసారి!”

మాట కరుకుదే గాని చివరి ముక్కలో జాలి ఉంది. తిట్టినా బాగుండేది. జిలానీ మూట ఎత్తుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మసీదు పక్కనే అబ్దుల్ వహాబ్ సాహెబ్ ఇంటి అరుగుమీద జకాత్ దానాల పంపకం. వహాబ్ సాహెబ్‌కి బజార్లో బట్టలకొట్టు ఉంది. ఏటా ఇరవై తొమ్మిదో రోజా నాడు అరుగుమీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకపక్క బల్లమీద లుంగీలు, తెల్లచీరలు. ఇంకోపక్క చాపమీద పేటవాళ్ళు తెచ్చిపోసిన ఫిత్రా బియ్యం కుప్ప. కరీముల్లా గారు పట్టీ చూసి ఒక్కొక్క పేరూ గట్టిగా పిలుస్తాడు. వీధి చివరిదాకా వినపడేట్టు పిలుస్తాడు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని హజ్రత్ గారు చెబుతూనే ఉంటారు. ఎడమచెయ్యి మాట దేవుడెరుగు, గొడుగుపేట దాకా తెలిసేట్టు ఇస్తేనే వీళ్ళకి ఇచ్చినట్టుంటుంది.

అరుగు కింద వరస. జిలానీ వరసలో నిలబడకుండా నేరుగా కరీముల్లా దగ్గరికి వెళ్ళాడు.

“నీ పేరు ఇంకా రాలేదయ్యా. వరసలో నించో.”

“తీసుకోడానికి రాలేదండీ. ఇవ్వడానికి వచ్చా.”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “దూదేకులోడు దానకర్ణుడైపోయాడ్రోయ్!” అన్నారింకెవరో. జిలానీ చెవులు ఎర్రబడ్డాయి. మూట విప్పి బియ్యం చూపించాడు. ఎవరెవరివో చెప్పాడు.

“పోయినవాళ్ళకి ఫిత్రా లేదు జిలానీ,” అన్నాడు కరీముల్లా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

“పోయిన రంజానుకి బతికే ఉందిగదండీ. దాందే ఇది. నాదేమో ఈ ఏటిది.”

కరీముల్లా చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథే వేరుగా ఉండేది. పట్టీ తప్పితే ఇంకోటి తెలియని మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చూడు. ఫిత్రా ఇచ్చేవాడు ఉన్నవాడి కింద లెక్క. ఉన్నవాడి పేరు తీసుకునేవాళ్ళ పట్టీలో ఉండకూడదు. ఇటుంటావా, అటుంటావా? అటైతే పేరు కొట్టెయ్యాలి. కొట్టేస్తే వానాకాలం బియ్యం ఉండవు. మందులుండవు. ఏం జరిగినా మసీదు నిధిలోంచి నీకు పైసా రాదు. మళ్ళీ రాయాలంటే వచ్చే రంజానుకే. నామాట విని ఆ బియ్యం ఇంటికి తీసుకుపో.”

జిలానీకి వానాకాలం కళ్ళముందు కనబడింది. కారే కప్పు, నరం విప్పి గోడకి చేరేసిన విల్లు, పొయ్యిలో పడుకున్న పిల్లి. భయం వేసింది. భయం వెయ్యలేదంటే అబద్ధం. చుట్టూ చూశాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు, వెనక్కి తగ్గుతాడని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన్ని చూసినవాళ్ళే, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

“కొట్టెయ్యండి,” అన్నాడు.

“ఆలోచించుకున్నావా?”

“రెండో శుక్రవారం నించీ ఆలోచించుకుంటూనే ఉన్నానండీ. కొట్టెయ్యండి.”

కరీముల్లా కలం సిరాలో ముంచి గీత గీశాడు. కుర్చీలోంచి వహాబ్ సాహెబ్ ముందుకి వంగి, “మాషా అల్లా! మన పేటలో ఒక పేదవాడు తగ్గాడు!” అన్నాడు. నిజంగానే సంతోషించాడు పాపం. బల్లమీద ఒక లుంగీ మిగిలింది మరి.

బియ్యం కుప్పమీద పోశారు. కింద ఉన్నవన్నీ ముతకవి, ఎర్రవి. పైన జిలానీవి తెల్లగా మెరుస్తూ వేరుగా తెలిసిపోతున్నాయి. కరీముల్లా తరవాతి పేరు పిలిచాడు. “నాగూర్ బీ!” ఆమె వచ్చి కొంగు పట్టింది. కుప్ప పైనుంచే మూడు మానికలు కొలిచి కొంగులో పోశారు. మడత విప్పని తెల్లచీర ఒకటి పైన పెట్టారు. ఆమె వహాబ్ సాహెబ్‌కి వంగి సలాం చేసింది. జిలానీ వంక చూడకుండా వెళ్ళిపోయింది.

జిలానీకి పిచ్చి సంతోషం వేసింది. వెళ్ళాల్సిన ఇంటికే వెళ్ళాయి. గుమ్మంలోంచి వెళ్ళాల్సినవి అరుగుమీంచి వెళ్ళాయి, అంతే తేడా. ఎవరి చెయ్యి అన్నది ఎవడికి కావాలి?

పొద్దుగూకి మగ్రిబ్ వేళకి నెలవంక కనపడింది. పిల్లలు కేకలు పెట్టారు. ఖర్జూరప్పండూ నీళ్ళూ తీసుకుని జిలానీ రోజా విడిచాడు. ఎవరో ఆయన్ని, “ఏం షావుకారూ!” అని పిలిస్తే ఆయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చి చాప పరుచుకుని, మైమూనా పడుకునే వైపు చూస్తూ, “చేరాయే. నీ జ్వరంలోవి చేరాయి,” అన్నాడు గట్టిగానే. కళ్ళంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు.

పండగ పొద్దున్న నాగూర్ బీ గిన్నెలో సేమ్యా పాయసం తీసుకుని తలుపు తట్టింది. ముందురోజు అన్న మాటలు ఆమెకీ మింగుడు పడలేదు. పలకకపోతే తలుపు తోసింది. జిలానీ పక్కకి తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని ఉన్నాడు. పాయసం గిన్నె కింద పెట్టి కాలు తాకి చూసింది. చల్లగా ఉంది.

ఆమె ఏడవలేదు. ముందు మసీదుకి పరిగెత్తింది. కరీముల్లా గారు కొత్త షేర్వాణీ వేసుకుని, అత్తరు రాసుకుని పండగ నమాజుకి ఈద్గాకి బయల్దేరుతున్నాడు.

“జిలానీ అన్న పోయాడండీ. ఒంటికి చుట్టడానికి కఫన్ గుడ్డ కావాలి.”

“ఇన్నా లిల్లాహి…” అని కరీముల్లా నిలబడిపోయాడు. తరవాత నెమ్మదిగా, “నిధిలోంచి కఫన్ పట్టీలో ఉన్నవాళ్ళకే బీబీ. నిన్ననేగా నలుగురిలో కొట్టేశాను. ఆయనే కొట్టించుకున్నాడు,” అన్నాడు.

“నిన్న మూడు మానికలు పోసినోడు ఇయ్యాల షావుకారయిపోయాడా?”

“నేను కాదనడం లేదు. నలుగుర్నీ అడగాలి కదా. నమాజు అయ్యాక చూద్దాం. టైమవుతోంది.”

వహాబ్ సాహెబ్ కొట్టు పండక్కి మూసి ఉంది. బజార్లో మిగతా కొట్లు తెరిచే ఉన్నాయి, డబ్బిచ్చేవాళ్ళకి. వీధినిండా కొత్తబట్టలు ఈద్గాకి నడిచిపోతున్నాయి. నాగూర్ బీ వాటికి ఎదురు నడిచి ఇంటికొచ్చింది. పెట్టె తీసింది. మడత విప్పని తెల్లచీర చేతిలోకి తీసుకుంది. ఏడాదికి ఒకటే చీర ఆమెకి. ఒంటిమీద ఉన్నదానికి అప్పటికే రెండు అతుకులున్నాయి.

మసీదు దగ్గర ఉండే ముసలి ఫకీరు వచ్చి స్నానం చేయించాడు. నాగూర్ బీ చీర చాప పక్కన పెట్టి, తల మీద కొంగు లాక్కుంది.

“నిన్న నువ్విస్తే నేనొద్దన్నా,” అంది. “ఇయ్యాల నువ్వొద్దనలేవుగా అన్నా.” అప్పుడు ఏడ్చింది, గోడకి తలానించి, పేటంతా వినపడేలాగ.

ఫకీరు చీర విప్పి కొలత చూసి ముక్కలు చేశాడు. కఫన్‌కి రంగూ రాతా పనికిరావు. ఒక చివర అంచుదగ్గర సిరాముద్ర ఉంటే అంతమేరకి చించి అవతల పారేశాడు. నమాజు అయ్యాక నలుగురు వచ్చి జిలానీని ఎత్తుకుపోయారు. స్నానం నీళ్ళు ఆరిపోయిన వాకిట్లో, తడికకి తగులుకుని, బెత్తెడు తెల్ల పీలిక ఒకటి ఉండిపోయింది. దానిమీద ఊదారంగు సిరాలో, ఎవరైనా చదువుకునేంత స్పష్టంగా, హాజీ అబ్దుల్ వహాబ్, బట్టల వర్తకులు, బందరు అని ఉంది.